పక్క టవర్ టెర్రస్ మీద ఎయిర్ ట్యాక్సీ ప్యాడ్ అంటున్నారు. 31వ అంతస్తులో నిద్ర పడుతుందా?

నార్సింగి_నవీన్
కోకాపేట వైపు ఒక ప్రాజెక్టులో ఫ్లాట్ చూస్తున్నాం. 31వ అంతస్తు, తూర్పు ముఖం, రేటు మా లెక్కకి కాస్త పైనే. బ్రోచర్‌లో పక్క టవర్ టెర్రస్ మీద పచ్చటి గుండ్రం గీసి, దాని మీద పెద్ద డ్రోన్‌లాంటిది నిలబెట్టి "ఫ్యూచర్ రెడీ వర్టీపోర్ట్" అని రాశారు, అంటే ఎయిర్ ట్యాక్సీలు లేచి దిగే చోటట. శబ్దం సంగతేంటని సేల్స్ అబ్బాయిని అడిగాను. "సార్, 45 డెసిబెల్సే. మీ ఇంట్లో ఫ్రిజ్ కూడా అంతే చప్పుడు చేస్తుంది" అన్నాడు. మా ఆవిడ వెంటనే "మా ఫ్రిజ్ గాల్లో ఎగరదు కదా బాబూ" అంది. అతను నవ్వేసి క్లబ్‌హౌస్ చూపించడానికి తీసుకెళ్లిపోయాడు.

మా నాన్న మాతోనే ఉంటారు. ఆయనకి నిద్ర బాగా పల్చన, పక్కింట్లో కుక్కర్ విజిల్ వచ్చినా లేచి కూర్చుంటారు. ఈ 45 అన్నది నిజమైన లెక్కేనా? ఇలాంటివి ఎగిరే చోట ఉన్నవాళ్లు, ఈ ఫీల్డ్‌లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మియాపూర్_మాస్
ముందు పొసెషన్ ఎప్పుడిస్తారో అడుగు బ్రో. ఎయిర్ ట్యాక్సీ కంటే ముందు లిఫ్ట్ రావాలి.

హారన్_ఓకే
ఈ ఊళ్లో శబ్దం గురించి బెంగా? నిమజ్జనం పది రోజులు, పెళ్లిళ్ల సీజన్‌లో బరాత్ డీజే, వేసవి వస్తే వీధికో బోరు బండి. మా సందులో అర్ధరాత్రి సైలెన్సర్ పీకేసిన బుల్లెట్లు తిరుగుతాయి. 45 అంటే మనకి నిశ్శబ్దమే. కొనేయండి.

రోటర్_రాజు
బెంగళూరులో ప్రొపెల్లర్ల డిజైన్ మీద పనిచేస్తాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

45 అబద్ధం కాదు. కాకపోతే సగం నిజం. అమెరికాలో జోబీ అనే కంపెనీ తయారుచేసిన కరెంటు ఎయిర్ ట్యాక్సీని 2021లో నాసా వాళ్లు నేల మీద వరసగా మైకులు పెట్టి కొలిచారు. ఫలితాలు 2022 మేలో బయటికొచ్చాయి. 500 మీటర్ల ఎత్తులో, గంటకు 185 కిలోమీటర్ల వేగంతో పైనుంచి వెళ్తుంటే కింద 45.2 డెసిబెల్స్ వచ్చింది. అంటే రెక్కల మీద తేలుతూ, ప్రొపెల్లర్లు ముందుకి తిరిగి నింపాదిగా పోతున్నప్పటి మాట అది.

లేచేటప్పుడు, దిగేటప్పుడు కథ వేరు. అప్పుడు మొత్తం బరువు ప్రొపెల్లర్లే మోయాలి. వంద మీటర్ల దూరంలో 65 లోపు అని వాళ్లే చెప్పారు. మీ బ్రోచర్‌లో మొదటి అంకె ఉంది, రెండోది లేదు. మీ పక్కన ఉండబోయేది రెండోది.

హెలికాప్టర్‌తో పోలిస్తే ఇది నిజంగానే చాలా తక్కువ. హెలికాప్టర్ రెక్క కొస సెకనుకు 200 మీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంది. ఒక రెక్క వదిలిన గాలి సుడిని వెనకొచ్చే రెక్క కొట్టినప్పుడు ఆ "థప్ థప్ థప్" పుడుతుంది. ఈ కొత్తవాటిలో చిన్న ప్రొపెల్లర్లు ఎక్కువగా పెట్టి, వాటిని నెమ్మదిగా తిప్పుతారు. కొస వేగం తగ్గితే చప్పుడు బాగా పడిపోతుంది. ఆ మేరకు ఇంజనీర్లు చేసింది మంచి పనే.

నార్సింగి_నవీన్
@రోటర్_రాజు థ్యాంక్స్ అన్నా. కానీ వంద మీటర్లు ఎక్కడిది? బ్రోచర్ ప్లాన్ మీద స్కేలు పెట్టి చూశా. మా బెడ్‌రూమ్ బాల్కనీ నుంచి ఆ టవర్‌కి 60 మీటర్లు.

రోటర్_రాజు
దూరం సగమైతే 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 50 మీటర్లలో 71 అవుతుంది, 60లో 69 దాకా వేసుకోండి. ఇది ఖాళీ మైదానం లెక్క. రెండు పక్కలా అద్దాల టవర్లుంటే అటు తగిలి ఇటు వచ్చేది కూడా కలుస్తుంది. ఇంకో సంగతి, కిందున్న రోడ్డు రొదకి ఇలాంటి చప్పుళ్లు కొంత మునిగిపోతాయి. 31వ అంతస్తుకి ఆ రొద అంతగా అందదు. పైగా మీరు ప్యాడ్‌కి దాదాపు ఎదురుగా ఉంటారు.

బోయిన్‌పల్లి_బాబాయ్
మీరంతా వచ్చేదాని గురించి మాట్లాడుతున్నారు, మేం అయిపోయినదాని గురించి చెబుతాం. బేగంపేటలో విమానాలు దిగిన రోజుల్లో మా ఇల్లు సరిగ్గా దారి కింద ఉండేది. వంటింట్లో గోడకి స్టీలు ప్లేట్ల స్టాండు ఉండేది. విమానం కనబడకముందే ఆ ప్లేట్లు సన్నగా జుయ్‌మనేవి. మా అమ్మ దాన్ని బట్టే "ఏడున్నర బొంబాయిది వచ్చింది, పాలు పెట్టు" అనేది. ఫోన్‌లో మాట్లాడుతుంటే "ఒక్క నిమిషం ఉండండి" అని ఇద్దరం రిసీవర్ పట్టుకుని ఊరికే నిలబడేవాళ్లం. అవతలివాళ్లకి కూడా అలవాటైపోయింది.

2008 మార్చిలో అన్నీ శంషాబాద్ వెళ్లిపోయాయి. మొదటి వారం పొద్దున్న పాలు రోజూ ఆలస్యమే.

ఇందులో నేను చెప్పేది ఒకటే. అవి పెద్ద చప్పుడే, కానీ వాటికో టైమ్ ఉండేది. ఎప్పుడొస్తుందో తెలిసిన చప్పుడుకి మనిషి సర్దుకుంటాడు. ట్యాక్సీ అంటే ఎవడు పిలిస్తే అప్పుడు వస్తుంది కదా. దానికి ఎట్లా సర్దుకోవాలె?

మియాపూర్_మాస్
బాబాయ్ పోస్ట్‌కి పది లైకులు కొట్టే ఆప్షన్ లేదా ఇక్కడ

హారన్_ఓకే
బాబాయ్ గారే చెప్పారు కదా సర్దుకున్నామని. దీనికీ సర్దుకుంటాం. మెట్రో కట్టేటప్పుడు కూడా ఇలాగే గోల చేశారు.

జెర్సీ_జానకి
@హారన్_ఓకే సర్దుకోవడం గురించి నేను చెబుతాను. జెర్సీ సిటీలో నది వైపు కిటికీ ఉన్న అపార్ట్‌మెంట్ మాది. చూసి మురిసిపోయి తీసుకున్నాం. ఎండ బాగున్న శనివారం వచ్చిందంటే టూరిస్టు హెలికాప్టర్లు మొదలు. ఒకటి వెళ్లి, దాని చప్పుడు పూర్తిగా పోకముందే రెండోది. మీటింగ్‌లో ఉంటే మ్యూట్ మీద వేలు పెట్టుకుని కూర్చోవాలి. ఏడేళ్లయింది, సర్దుకోలేదు.

అసలు తమాషా ఎవరికి చెప్పుకోవాలన్న దగ్గర ఉంది. 2016లో న్యూయార్క్ సిటీ తన హెలిపోర్టు నుంచి టూరిస్టు ఫ్లైట్లని సగానికి తగ్గించి, ఆదివారాలు పూర్తిగా ఆపించింది. మంచిదే. కానీ సిటీ చేయి తన సొంత హెలిపోర్టుల వరకే పోతుంది. నదికి ఇవతల న్యూజెర్సీ నుంచి లేచేవాటిని అది ఏం చేయలేదు. గాల్లోకి లేచాక ఇద్దరి మాటా చెల్లదు, అదంతా ఎఫ్ఏఏ, అంటే అమెరికా కేంద్ర విమానయాన సంస్థ చేతిలో. ఫోన్ చేస్తే ఒకళ్లు ఇంకొకళ్ల నంబర్ ఇస్తారు.

హారన్_ఓకే
అయితే కరెంటువి వస్తే మీకే మంచిది కదండీ. పెట్రోలు హెలికాప్టర్ల పీడ పోతుంది.

జెర్సీ_జానకి
ఆ మాట ఒప్పుకుంటా. 2025 ఏప్రిల్‌లో సిటీ కౌన్సిల్ చేసిన చట్టం కూడా అదే. 2029 చివరికల్లా సిటీ హెలిపోర్టుల నుంచి టూరిస్టు ఫ్లైట్లు కరెంటువే అయ్యుండాలి. నా భయం వేరే. చప్పుడు తగ్గింది కదా అని సంఖ్య పెంచుతారు. ఇప్పుడు రోజుకి యాభై భరిస్తున్నామనుకోండి, అప్పుడు ఐదొందలు భరించమంటారు.

లెక్కల_మాస్టారు
జానకి గారి భయాన్ని అంకెల్లో పెడతాను. రిటైరయ్యాక చేసే పని ఇదొక్కటే.

వంద మీటర్ల దూరంలో 65 డెసిబెల్స్, అర నిమిషం పాటు అనుకుందాం. గంటలో అలాంటి అర నిమిషాలు 120. గంటంతా పరిచి సగటు తీస్తే ఒక్క ఫ్లైట్‌కి 44 వస్తుంది. డెసిబెల్ లెక్కలో పది రెట్లంటే పది కలవడమే, కాబట్టి పది ఫ్లైట్లకి 54. మన దేశంలో నివాస ప్రాంతానికి పగటి పరిమితి 55, అదీ సగటు లెక్కే. అంటే ఆరు నిమిషాలకొకటి చొప్పున లేస్తూ దిగుతూ ఉన్నా కాగితం మీద పాస్. మీరు మాత్రం పగలంతా ఆరు నిమిషాలకోసారి తల ఎత్తి చూస్తుంటారు.

ఇక నవీన్ గారి 60 మీటర్లకి వద్దాం. అక్కడ ఒక్కోదానికీ 4 పెరుగుతుంది. గంటకి పదైతే 58, ఫెయిల్. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పరిమితి 45. ఆ వేళలో గంటకి ఒక్కటి ఎగిరినా 48, ఫెయిల్.

నార్సింగి_నవీన్
మాస్టారూ, ఇది ప్రింట్ తీసి సేల్స్ అబ్బాయికి ఇస్తా.

లెక్కల_మాస్టారు
సంతకం కూడా పెట్టమంటే పెడతాను.

వకీల్_సాబ్_సికింద్రాబాద్
ఫెయిల్ అనేముందు ఏ పరీక్షో తేల్చుకోవాలి మాస్టారూ. మీరు చెప్పిన 55, 45 అన్నవి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోవి. విమానాశ్రయాల చుట్టూ ఉన్న ప్రాంతానికి 2018లో కేంద్రం వేరే ప్రమాణాలిచ్చింది. రద్దీ విమానాశ్రయమైతే పగలు 70, రాత్రి 65. రేపు మీ పక్క టవర్ టెర్రస్‌ని ఇందులో దేని కింద పెడతారో దాన్ని బట్టి మీ ఇల్లు పాసా ఫెయిలా తేలుతుంది. ఇల్లు అదే, చెవులూ అవే. కాగితం మారుతుంది.

విమానం వ్యవహారం అంటే డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ), కేంద్రం. లౌడ్‌స్పీకర్ అయితే లోకల్ పోలీసుకి చెప్పొచ్చు. ఎగిరేదాని మీద ఎస్సై గారికి కేసు రాయమంటే ఆయన ఎవరి వెనక పరిగెత్తాలి?

మియాపూర్_మాస్
పైన ఎగిరేవాడికి చలానా పంపిస్తారు సార్, హెల్మెట్ లేదని 😂

ములుగు_మధు
మా దగ్గర మేడారం జాతరకి హెలికాప్టర్ రైడ్లు పెడుతున్నారు కదా. మొదటిసారి ఊరు ఊరంతా బయటికొచ్చి నోరు తెరుచుకుని చూశాం. పిల్లలైతే దాని వెనకే పరుగు. రెండో రోజుకి పిల్లలే చూశారు. మూడో రోజుకి ఎవరూ తల ఎత్తలేదు, మొక్కుకి తెచ్చిన మా మేకపోతు తప్ప. అది మాత్రం హెలికాప్టర్ వచ్చిన ప్రతిసారీ గుంజ చుట్టూ తిరిగి తాడు మెడకి బిగించుకునేది. చివరికి ఒకడు దాని పక్కన కాపలా కూర్చున్నాడు. ఆ ఒకణ్ణి నేనే.

హారన్_ఓకే
చూశారా, మూడో రోజుకి అలవాటైపోయింది!

ములుగు_మధు
నాలుగో రోజు జాతరే అయిపోయింది అన్నా.

కాన్‌బెర్రా_కల్యాణి
ఎయిర్ ట్యాక్సీ కాదు కానీ మాకు దగ్గరి అనుభవం ఉంది. 2018లో ఇక్కడ బోనైథన్ అనే పేటలో డ్రోన్లతో ఇళ్లకి కాఫీ, తినుబండారాలు పంపే ట్రయల్ జరిగింది. అప్పట్లో మేం ఆ పేట అంచునే అద్దెకుండేవాళ్లం. చప్పుడు పెద్దదని చెప్పలేను. కానీ అదో కీచు. చెవి పక్కన దోమ చేరితే అది పెద్ద చప్పుడా? కాదు కదా, అయినా లేచి లైట్ వేస్తాం. మా ఓనర్ గారి కుక్క పెరట్లోకి వెళ్లడం మానేసింది. ఫిర్యాదులు పెరిగి చివరికి ఇక్కడి అసెంబ్లీ విచారణ కూడా పెట్టింది. తర్వాత ప్రొపెల్లర్లు మార్చి కీచు తగ్గించారు.

నాకింకా గుర్తున్నది, వీధిలో గొడవలు. కాఫీ తెప్పించుకునే ఇల్లు ఒకటి, డ్రోన్ తల మీదుగా వెళ్లే ఇళ్లు ఇరవై. కాఫీ తాగేవాళ్లు "అంతగా ఏముంది" అనేవాళ్లు.

రోటర్_రాజు
కల్యాణి గారి దోమ మాటకి పరిశోధన కూడా ఉంది. 2017లో నాసా వాళ్లు జనాన్ని కూర్చోబెట్టి డ్రోన్ చప్పుళ్లు, కార్లు వ్యాన్ల చప్పుళ్లు కలిపి వినిపించారు. ఒకే డెసిబెల్ స్థాయిలో ఉన్నా డ్రోన్లే ఎక్కువ చిరాకు పుట్టించాయి. 5 డెసిబెల్స్‌కి పైగా అదనపు చప్పుడుతో సమానమైన చిరాకు. యూరప్ విమానయాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ 2021లో ఆరు నగరాల్లో చేసిన సర్వే కూడా దాదాపు అదే తేల్చింది. 83 శాతం మంది ఎయిర్ ట్యాక్సీలంటే మొదట సానుకూలంగానే ఉన్నారు. చప్పుళ్లు వినిపించాక మాత్రం, అంతే స్థాయిలో ఉన్న బస్సు, మోటార్‌సైకిల్ కంటే తెలియని ఈ చప్పుడే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

@హారన్_ఓకే డబ్ల్యూహెచ్ఓ 2018 సిఫారసు కూడా చూడండి. రోజంతటి సగటు, రోడ్డు శబ్దానికి 53 దాటకూడదంది, విమాన శబ్దానికి 45. రోడ్డు మీది 50 వేరు, ఆకాశంలో 50 వేరు. మీ బుల్లెట్టు బండి లెక్క ఇక్కడ చెల్లదు.

హారన్_ఓకే
సరే, నేను ఒంటరివాణ్ణయ్యాను. అయినా నా మాట నాదే. ఎయిర్‌పోర్టుకి రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చుని ఫ్లైట్ మిస్సయినవాడికి ఈ 45, 53 ఎక్కవు.

ఐసీయూ_రమ
అందరూ కాఫీలు, ఎయిర్‌పోర్టులు అంటున్నారు. నేను నర్సుని. 2021లో ఒక గుండెని నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కి మెట్రోలో తీసుకెళ్లారు, గుర్తుందా? రోడ్డు మీద అయితే పోలీసులు ఒక్కో జంక్షన్ ఆపుకుంటూ పోవాలి. ఇలాంటిదేదైనా నేరుగా ఆసుపత్రి పైన దిగితే నేను అర్ధరాత్రి లేచినా తిట్టుకోను. చప్పుడొక్కటే చూసి వద్దనకండి.

జెర్సీ_జానకి
రమ గారూ, అంబులెన్స్‌ని ఎవరూ కాదనరు. అది నెలకి ఎన్నిసార్లు వస్తుంది? మిగతా వేల ట్రిప్పులకి అంబులెన్స్‌ని అడ్డుపెట్టుకుంటారు, అదే నా బాధ. ఇక్కడి చట్టంలో అత్యవసర ఫ్లైట్లని విడిగానే చూశారు.

ఐసీయూ_రమ
అయితే ప్యాడ్ ఆసుపత్రి మీద పెట్టమనండి, అపార్ట్‌మెంట్ మీద ఎందుకు?

బోయిన్‌పల్లి_బాబాయ్
ఇదీ మాట!

దుబాయ్_శీను
ఇక్కడ వర్టీపోర్టుల కోసం ఎంచుకున్న నాలుగు చోట్లు చూడండి. ఎయిర్‌పోర్టు, పామ్ జుమైరా, డౌన్‌టౌన్, మరీనా. నేనుండేది మరీనాలో. మా వాళ్లు ఫ్లాట్ రేటు పెరుగుతుందని సంబరపడుతున్నారు. నా అభిప్రాయం అడిగితే, పక్కనే హైవే, రాత్రంతా సూపర్ కార్లు, నీళ్లలో పడవల మీద పాటలు. ఇక్కడ 65 ఎవడికి వినబడుతుంది? నాకు పెద్ద టెన్షన్ లేదు. కాకపోతే మీలాగే నేనూ ఇంకా వినలేదు. 2025లో జోబీ మొదటి టెస్ట్ ఊరి మీద కాదు, మర్గామ్ వైపు ఎడారిలో చేశారు.

బెంజ్‌సర్కిల్_బాలు
అసలు ముందు కంపెనీలు బతకాలి కదండీ. పారిస్ ఒలింపిక్స్‌కి ఎగరేస్తామన్న వోలోకాప్టర్ 2024 డిసెంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది. లిలియమ్ అనే ఇంకో ఎయిర్ ట్యాక్సీ కంపెనీ రెండు నెలల ముందే వేసింది. పారిస్‌లో అయితే శబ్దం మీద చేసిన అధ్యయనం అసంపూర్తిగా ఉందని అక్కడి పర్యావరణ అధికారులే 2023లో అన్నారు. మన దగ్గర ఢిల్లీలో కన్నాట్ ప్లేస్ నుంచి గురుగ్రామ్ ఏడు నిమిషాలు, 2026లో మొదలు అని 2023లో ప్రకటించారు. అనంతపురం జిల్లాలో సర్లా ఏవియేషన్ ఎయిర్ ట్యాక్సీల ఫ్యాక్టరీ పెడుతుందంటున్నారు. ఉద్యోగాలొస్తే సంతోషమే. కానీ నవీన్ గారూ, పదేళ్ల తర్వాత వస్తుందో రాదో తెలియని దాని కోసం ఇప్పుడు ఫ్లాట్ వదులుకుంటారా?

వకీల్_సాబ్_సికింద్రాబాద్
@బాలు రాకపోతే సమస్య లేదు. వస్తే ఏంటన్నదే ప్రశ్న. ఆ రోజు అగ్రిమెంట్లో ఏం రాసి ఉందన్నదే చూస్తారు.

టెక్సస్‌లో కాలేజ్ స్టేషన్ అనే ఊరు ఉంది. అమెజాన్ డ్రోన్ డెలివరీల చప్పుడు మీద జనం మొత్తుకుంటే, ఫ్లైట్లు పెంచడానికి ఒప్పుకోవద్దని 2024లో మేయర్ ఎఫ్ఏఏకి ఉత్తరం రాశాడు. ఊరికి మేయరే ఉత్తరం రాసుకోవాల్సి వచ్చిందంటే ఫ్లాట్ ఓనర్ సంగతి చెప్పక్కర్లేదు. ఆకాశం మీ చేతిలో లేదు. టెర్రస్ మాత్రం ఇవాళ, సంతకం పెట్టకముందు, కొంచెం మీ చేతిలో ఉంది.

నవీన్ గారూ, ఇవి అడగండి. ఆ టెర్రస్ అసోసియేషన్‌కి అప్పగిస్తారా, బిల్డర్ తన దగ్గరే ఉంచుకుంటాడా? ప్యాడ్ వస్తే బయటివాళ్లకి అద్దెకివ్వచ్చా? రాత్రి పూట వాడకూడదని రాసిస్తారా? నోటితో చెబితే ఒప్పుకోకండి.

నార్సింగి_నవీన్
నిన్న శనివారం మళ్లీ సైట్‌కి వెళ్లొచ్చా. వకీల్ సాబ్ ప్రశ్నలు అడిగితే సేల్స్ అబ్బాయి మేనేజర్‌ని పిలిచాడు. మేనేజర్ చెప్పిందేమిటంటే, "అది ప్రొవిజన్ మాత్రమే సార్, అంటే స్లాబ్ గట్టిగా వేస్తాం అంతే." అగ్రిమెంట్ డ్రాఫ్ట్‌లో వర్టీపోర్ట్ అన్న మాటే లేదు. టెర్రస్ హక్కులు మాత్రం బిల్డర్‌కే అని 14వ పేజీలో ఉంది. మాస్టారి లెక్క కాగితం ఇచ్చా, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

వాచ్‌మన్‌ని బతిమాలి పొద్దున ఐదున్నరకి 28వ స్లాబ్ దాకా ఎక్కా. 31 ఇంకా పడలేదు. ఫోన్‌లో మీటర్ యాప్ వేస్తే 43 చూపించింది. దూరంగా అజాన్, ఎక్కడో సుప్రభాతం, అడపాదడపా నెమలి అరుపు. రివర్స్ తీసుకుంటున్న కాంక్రీట్ మిక్సర్ బీప్ ఒక్కటే చెవిలో గుచ్చుకుంది.

చివరి టవర్‌లో 9వ అంతస్తు ఉందన్నారు, ప్యాడ్‌కి 220 మీటర్లు, మధ్యలో రెండు టవర్లు అడ్డం. మా ఆవిడకి వ్యూ పోయిందని బాధగా ఉంది. ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు.

రోటర్_రాజు
220 మీటర్లంటే లెక్క ప్రకారం 58. టవర్లు అడ్డం ఉంటే ఇంకా తగ్గుతుంది. ఫోన్ యాప్‌ని మరీ నమ్మకండి, నాలుగైదు అటూ ఇటూ ఉంటుంది.

మియాపూర్_మాస్
ఆ యాప్ పేరేంటి బ్రో? మా ఆవిడ గొంతు కొలవాలి.

ఐసీయూ_రమ
@మియాపూర్_మాస్ ఆవిడకి ఈ లింక్ పంపమంటారా?

బోయిన్‌పల్లి_బాబాయ్
నవీన్, అన్నీ చూశావు గానీ, ఆ ఇంట్లో పడుకునేది మీ నాన్న. ఆయన్ని తీసుకెళ్లావా?

నార్సింగి_నవీన్
తీసుకెళ్లా బాబాయ్. కిందకి దిగొచ్చి చూస్తే కారు సీటు వెనక్కి వాల్చుకుని గురక పెడుతున్నారు. పక్కనే మిక్సర్ లారీ.